మా క్లాసులో మొదట నేర్పేది అరవడమే

ఆగస్టు 15 వచ్చినా జనవరి 26 వచ్చినా మా హనుమకొండ చుట్టుపక్కల స్కూళ్లలో కరాటే డెమో ఉండాల్సిందే. తెల్ల డ్రెస్సులు వేసుకున్న పిల్లలు వరుసగా వచ్చి నిప్పంటించిన పెంకులను మోచేత్తో పగలగొడతారు. ఒకరు నేల మీద చేతులు చాపితే వాటి మీదుగా బైకు పోనిస్తారు. చప్పట్లు మోగిపోతాయి. తర్వాతి ఆదివారం ఎవరో ఒక తల్లి నా దగ్గరికి వస్తుంది. "మా బిడ్డకు గట్ల పెంకులు పలగ్గొట్టుడు నేర్పుండ్రి మేడం. ఇగ దాని జోలికి ఎవడొస్తడు?"

ఆ పిల్లల కష్టాన్ని నేను తక్కువ చేయను. పెంకు మీద చెయ్యి వేయాలంటే నొప్పి భయాన్ని దాటాలి. దానికి నెలల సాధన పడుతుంది. కానీ పెంకు కదలదు. జడ పట్టుకుని గుంజదు. "ఎవరికన్న చెప్తే నీ ఫొటోలు అందరికి పంపుత" అని బెదిరించదు. ఆడపిల్ల తనను తాను కాపాడుకోవడానికి సిద్ధం కావాల్సింది ఈ మూడు పనులూ చేయగల మనిషి కోసం. అందుకే ఆ తల్లులకు ముందే చెప్తాను: ఇక్కడ పెంకులుండవు, మొదటి నెలలో తన్నుళ్లు కూడా ఉండవు.

నేను జూడో మనిషిని. హైస్కూల్లో ఉన్నప్పుడు హనుమకొండలోనే నేర్చుకున్నాను, తర్వాత కొన్నేళ్లు కరాటే కూడా చేశాను. ఇప్పుడు ఒక స్కూల్లో పీఈటీని. ఆదివారం పొద్దున కాజీపేట వైపు మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆడపిల్లలకు క్లాసు చెప్తాను. హాలు ఖాళీగా ఉన్నంతసేపే మాది. ఏదైనా శుభకార్యం ఉంటే మ్యాట్లు ఎత్తుకుని డాబా మీదికి పోతాం.

జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో పొట్టి మనిషి. చిన్నప్పుడు బడిలో బలమైన పిల్లల చేతిలో దెబ్బలు తిని, ఆ బాధతోనే జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్య నేర్చుకోవడానికి పోయాడు. 1882లో టోక్యోలో సొంతంగా కొడోకాన్ అనే శిక్షణాలయం పెట్టాడు. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఒక నిర్ణయం. పాత విద్యలో ప్రాణాలు తీసే పట్లు, కళ్లు పొడిచే దెబ్బలు చాలా ఉండేవి. వాటిని పూర్తి బలంతో సాధన చేస్తే తోటి శిష్యుడు గాయపడతాడు. కాబట్టి వాటిని గాలిలో, మెల్లగా, ఇద్దరూ ఒప్పుకున్న వరసలో మాత్రమే చేయగలరు. కానో ప్రమాదకరమైనవాటిని ఎదురెదురు సాధనలోంచి పక్కన పెట్టాడు. మిగిలినవాటిని ఎదుటివాడు నిజంగా ఎదురు తిరుగుతుండగా పూర్తి బలంతో చేయించాడు. దాన్నే రాండోరి అంటారు. ప్రాణం తీయగల దెబ్బ వంద సార్లు గాలిలో వేసినవాడి కంటే, మామూలు పట్టును ఎదురు తిరిగే మనిషి మీద వంద సార్లు ప్రయత్నించినవాడికే అసలు సమయంలో చెయ్యి ఆడుతుంది. నా క్లాసు మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

నేను రాండోరిని మ్యాటు మీది పట్లతోనే ఆపను, గొంతుకు కూడా పెడతాను.

మన ఇళ్లలో ఆడపిల్ల గొంతు లేస్తే చాలు, "మెల్లగ మాట్లాడు, ఎవరన్న వింటరు" అంటారు. పదిహేనేళ్లు అది విన్న పిల్లను మొదటి రోజు "అరువు" అంటే గొంతు రాదు. నవ్వు వస్తుంది. పక్క పిల్ల మొహం చూసి ఇంకా నవ్వుతుంది. నవ్వనిస్తాను. అది సిగ్గు బయటికి పోయే దారి. తర్వాత చెయ్యి పొట్ట మీద పెట్టించి, ఊపిరి అక్కడి నుంచి తోయమంటాను. జపాన్ యుద్ధవిద్యల్లో చాలావాటిలో దెబ్బతో పాటు కియాయ్ అని ఒక అరుపు ఉంటుంది. ఊపిరి ఒక్కసారిగా బయటికి వస్తే పొట్ట బిగుస్తుంది, దెబ్బకు బలం వస్తుంది, గడ్డకట్టిన ఒళ్లు కదులుతుంది. నేను ఆ అరుపు స్థానంలో తెలుగు వాక్యాలు పెట్టాను. "దూరం జరుగు!" "చెయ్యి తియ్!"

ఏం అరవాలన్నది కూడా సాధనే. కిక్కిరిసిన బస్సులో మొదటిసారి తగిలితే పొరపాటు కావచ్చు. "జరగండి" అని మామూలుగా చెప్పొచ్చు. రెండోసారి అండీలు, ప్లీజులు వద్దు. మనిషిని చూపించాలి, చేస్తున్న పని చెప్పాలి, ఏం చేయాలో ఆజ్ఞాపించాలి. "నల్ల చొక్కా ఆయన నా మీద చెయ్యేస్తున్నడు! చెయ్యి తియ్!" బస్సంతా ఆ నల్ల చొక్కా వైపు తిరుగుతుంది. ఇంకో విషయం. తెలియని మనిషి చెయ్యి పట్టి లాగుతుంటే మన పిల్లలు "అన్నా, వదిలెయ్ అన్నా" అని బతిమాలతారు. చుట్టుపక్కలవాళ్లకు అది ఇంటి గొడవలా వినబడుతుంది, మనకెందుకని తప్పుకుంటారు. అందుకే మా క్లాసులో తప్పనిసరిగా అరిపించే వాక్యం: "వీడెవడో నాకు తెల్వదు!"

మరి తెలిసినవాడైతే? నన్ను ఎక్కువగా పట్టి పీడించే ప్రశ్న ఇదే. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లో అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. పక్కింటివాడు, చుట్టం, స్నేహితుడు, ప్రేమించానన్నవాడు. అయినా సెల్ఫ్ డిఫెన్స్ అనగానే అందరి కళ్లముందూ కదిలేది చీకటి సందు, ముసుగు మనిషి. చీకటి సందు కోసం నేర్పిన మోచేతి దెబ్బను పెళ్లింట్లో పక్కకు పిలిచిన బావ మీద ఏ పిల్లా వేయదు. వేయాలని మనసు ఒప్పుకోదు. అక్కడ కావాల్సింది వేరే సాధన.

అందుకని ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు ట్యూషన్ సారు, ఒకరు విద్యార్థిని. సారు భుజం మీద చెయ్యి వేస్తాడు. "సార్, చెయ్యి తియ్యుండ్రి." సారు నవ్వుతాడు, "ఏందమ్మా, బిడ్డ లెక్క చూస్తే గట్లంటవ్" అంటాడు. ఇప్పుడు రెండోసారి చెప్పాలి, అదే మాట, అదే గొంతు. సంజాయిషీ ఇవ్వకూడదు, నవ్వకూడదు. పుస్తకాలు తీసుకుని లేచి, తలుపు వైపు నడవాలి. చూడటానికి ఇది ఏమీ కాదు. కానీ ఇరవై మంది దెబ్బలు బాగా వేసే పిల్లల్లో ఈ రెండోసారి చెప్పడం దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. సారు వేషం వేసిన పిల్లకు నేను ముందే చెప్పి ఉంచుతాను: బుజ్జగించు, కోపగించు, ఏడుపు మొహం పెట్టు, మీ నాన్నకు చెప్తానను. ఇదీ రాండోరే, మాటతో ఎదురు తిరగడం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. కెనడాలో చార్లీన్ సెన్ అనే ప్రొఫెసర్ బృందం 3 యూనివర్సిటీల్లో మొదటి ఏడాది చదివే దాదాపు 900 మంది అమ్మాయిలతో చేసిన పరిశోధన 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. శిక్షణ మొత్తం 12 గంటలే. ఏడాది తర్వాత లెక్క చూస్తే, శిక్షణ పొందినవాళ్లలో అత్యాచారానికి గురైనవాళ్లు 5.2 శాతం, కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 9.8 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బలు నేర్పింది కొంత భాగమే. పరిచయస్తుడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మంచివాడే కదా అనే మొహమాటాన్ని దాటడం, తనకేం కావాలో తనకే స్పష్టంగా తెలియడం, వీటికే ఎక్కువ సమయం ఇచ్చారు. మన ప్రభుత్వ బడుల్లో కూడా సమగ్ర శిక్ష అనే కేంద్ర విద్యా పథకం కింద రాణి లక్ష్మీబాయి పేరుతో 3 నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. ఆ 3 నెలల్లో ఒక్క వారమైనా తెలిసినవాళ్ల గురించి మాట్లాడాలని ఎక్కడ అవకాశం దొరికినా అడుగుతూనే ఉన్నాను.

ఇక ఒంటి పనికి వస్తే, మొదట పడటం నేర్పుతాను. జూడోలో దీన్ని ఉకేమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చెయ్యంతా పరిచి నేలను కొడుతూ పడాలి. సిమెంటు రోడ్డు మీద ఎవరో తోస్తే తల వెనక్కి కొట్టుకోకుండా కాపాడేది ఇదే. స్కూటీ జారినా ఇదే పనికొస్తుంది. నా శిష్యుల్లో ఈ విద్య ఎక్కువసార్లు పనికొచ్చింది బండి మీంచి పడ్డప్పుడే.

తర్వాత దూరం. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఒక లెక్క రాశాడు: మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు సెకనున్నరలో దాటేస్తాడు. మా హాల్లో గోడ నుంచి 21 అడుగులు టేపుతో కొలిచి సుద్దగీత గీశాను. ఒకరు ఫోన్ చూస్తూ నిలబడాలి, ఇంకొకరు గీత దగ్గర నుంచి చప్పుడు లేకుండా ఉరకాలి. ఫోన్లోంచి తల ఎత్తేలోపే భుజం మీద చెయ్యి పడుతుంది. దీని తర్వాత నేను "ఫోన్ చూసుకుంట నడవకు" అని ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు.

భయం వేసినప్పుడు ఒళ్లు ఎలా మారుతుందో కూడా ముందే చెప్పాలి. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, చూపు ఎదుటి మనిషి మీదే బిగుసుకుపోయి పక్కన ఏముందో కనబడదు. వేళ్లతో చేసే సున్నితమైన పనులు చేతకావు. ఇంటి తాళం కూడా తిరగదు. కాబట్టి వేలు మెలిపెట్టి మణికట్టు తిప్పే అందమైన పట్లు నేను నేర్పను. పెద్ద కండరాలతో అయ్యేవి నాలుగైదు చాలు. పిడికిలితో తల మీద కొడితే చిటికెన వేలి కింది ఎముక విరిగేది మనదే, అందుకే ముక్కు, గడ్డం మీద అరచేతి మడమతో. దగ్గరికొస్తే మోచెయ్యి, మోకాలు. మణికట్టు పట్టుకుంటే అతని బొటనవేలికి, మిగతా వేళ్లకు మధ్య ఉన్న సందు వైపు ఒళ్లంతా తిప్పుతూ లాగాలి. జడ పట్టుకుంటే వెనక్కి గుంజుకోవద్దు. రెండు చేతులతో అతని చేతిని తలకే అదిమి పట్టి, అతని వైపే అడుగేసి, మోకాలి కింద తన్నాలి. ఆ తర్వాత పరుగు. కొట్టేది గెలవడానికి కాదు, పరుగెత్తడానికి దారి చేసుకోవడానికి.

ఇవన్నీ మామూలు బట్టల్లోనే చేయిస్తాను. తెల్ల గీ, అంటే జూడో, కరాటే డ్రెస్సు వేసుకుని, వట్టి కాళ్లతో మెత్తటి మ్యాట్ మీద చేసింది మాత్రమే అలవాటైతే, భుజాన బరువైన బ్యాగుతో, చెప్పులతో, చున్నీతో ఒళ్లు వేరేగా కదులుతుంది. చున్నీని మెడ చుట్టూ తిప్పి భుజం మీద పిన్ను పెట్టుకునే పిల్లలను ఒకసారి వెనక నుంచి మెల్లగా లాగి చూపిస్తే చాలు, మర్నాటి నుంచి పిన్ను ఉండదు. లాగితే జారిపోయేలా వేసుకోవాలి, లాగినవాడి చేతిలో వదిలేసి ఉరకాలి.

ఊళ్లల్లో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కట్టి దింపుతారు, రోజురోజుకూ బెండు తగ్గిస్తారు. మా దగ్గర ఎదురు తిరిగే బలం కూడా అలాగే పెరుగుతుంది. మొదటి వారాల్లో పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేస్తాం. తర్వాత వదలం. చివరికి హెల్మెట్, ఛాతీ కవచం తొడుక్కున్న నా పాత శిష్యుడొకడు వచ్చి నిజంగానే మీదికొస్తాడు, తిడతాడు. ఎప్పుడు "ఆపు" అన్నా ఆగాలన్నది కఠిన నియమం. ముందుగా పిల్ల ఒప్పుకోవాలి, వద్దంటే వద్దే. వద్దనే హక్కు గురించి నేర్పుతూ వద్దన్నా వినకపోతే ఇంకేం నేర్పినట్టు?

కత్తి ఉంటే? ఫోన్ అడిగితే ఫోన్, గొలుసు అడిగితే గొలుసు ఇచ్చేసి దూరం పోవడమే. కత్తి గుంజుకోవడం నేర్పుతామనే వీడియోలు చాలా ఉన్నాయి. వాటిలో కత్తి ఉన్నవాడు ఒక్కసారి పొడిచి చెయ్యి అలాగే గాలిలో ఉంచుతాడు. నిజంగా పొడిచేవాడు ఆగడు. చిన్నపిల్లల తల్లులు ఇలాంటి వీడియో పట్టుకొస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

మా అమ్మమ్మది జనగామ దిక్కు. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జులై 4న దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలైన కడవెండి ఆ వైపే. ఆ రోజుల్లో ఆడవాళ్లు కారం, రోకళ్లు, వడిసెలలు దగ్గర పెట్టుకున్న సంగతి అమ్మమ్మ చాలా చెప్పేది. ఆమె మాటల్లో నాకు ఎక్కువగా గుర్తున్నది కారం కాదు, ఒక్క కేక వేస్తే వాడవాడంతా బయటికొచ్చేదన్న సంగతి. పెప్పర్ స్ప్రే కొనిస్తే సరిపోతుందా అని అడిగే తండ్రులకు చెప్తాను, గాలి ఎదురుంటే అది మన కళ్లలోనే పడుతుంది, బ్యాగు అడుగున ఉంటే లేనట్టే. ఉంచుకోండి, కానీ దాని మీదే ఆనుకోకండి. మా క్లాసులో అమ్మమ్మ చెప్పిన కేకకు జవాబివ్వడం కూడా ఒక పాఠం. ఒక పిల్లను మూలకు తోసి ఒకరు మాట్లాడుతుంటారు. మిగతావాళ్లు గొడవ పడకుండా పోయి ఆ పిల్ల పక్కన నిలబడాలి. "గిక్కడున్నవా, మీ అమ్మ పిలుస్తుంది, పా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. ఆ ఒక్క మాటతో చాలా గొడవలు మొదలు కాకముందే ఆగుతాయి.

తల్లులను ఎక్కువగా ఆపేది దెబ్బ కాదు, కేసు. "కొడితే కేసు మన మీదనే అయితదేమో?" అందుకే చట్టం కూడా చెప్తాను. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువే. ఈ హక్కుతో చేసినది నేరం కాదని 34 చెప్తుంది. ప్రమాదానికి అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయకూడదని 37 చెప్తుంది. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి వాటిలో ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుందని 38. హక్కు ఎప్పుడు మొదలవుతుందన్నది 40లో ఉంది. దెబ్బ తగిలేదాకా ఆగక్కర్లేదు, దాడి జరుగుతుందనే సహేతుకమైన భయం కలిగినప్పుడే మొదలవుతుంది. ఆ భయం ఉన్నంతవరకే ఉంటుంది. పారిపోతున్నవాణ్ని తరిమి కొడితే ఇక అది ఆత్మరక్షణ కాదు.

కరాటేను 1922లో ఒకినావా నుంచి టోక్యోకు తీసుకొచ్చిన గిచిన్ ఫునకోషి నియమాల్లో ఒకటి, కరాటేలో మొదటి దెబ్బ ఉండదన్నది. దీన్ని కొందరు మాస్టర్లు ఎదుటివాడు కొట్టాకే కొట్టాలని చెప్తారు. నేను ఒప్పుకోను. గొడవ మన వల్ల మొదలు కాకూడదన్నదే దాని సారమని నా నమ్మకం. మీదికొచ్చే మనిషి అడుగు వేసినప్పుడే గొడవ మొదలైంది. ఆ క్షణంలో అరచెయ్యి ముందు లేచింది మనదైనా మొదలుపెట్టింది అతనే. 40వ సెక్షన్ చదివినప్పుడల్లా మా పిల్లలకు ఈ నియమాన్ని దాని పక్కనే పెట్టి చెప్పడం నాకు ఇష్టం.

ఇంత నేర్చుకున్నా ఒక్కోసారి ఒళ్లు కొయ్యబారిపోతుంది. గొంతు రాదు, చెయ్యి లేవదు. అది పిరికితనం కాదు, ఒప్పుకోవడం అంతకన్నా కాదు. ప్రాణభయంలో శరీరం తనంతట తాను చేసే పని అది, పెద్ద పెద్ద సైనికుల ఒళ్లు కూడా అలా ఆగిపోతుంది. ఆ పిల్ల ఇంటికొచ్చి చెప్పినప్పుడు వినే మొదటి మాట ఏమిటన్నది ఇక ఆమె చేతిలో లేదు, పెద్దవాళ్ల చేతిలో ఉంది. "గా టైంల నువ్వు గాడికెందుకు పోయినవ్?" అన్న ప్రశ్న ఒక్కసారి విన్న పిల్ల ఇంకోసారి నోరు విప్పదు.

అందుకే కొత్త బ్యాచ్ మొదటి ఆదివారం తల్లిదండ్రులకు కూడా క్లాసు ఉంటుంది. తండ్రులను వరుసగా నిలబెట్టి "నువ్వు చెప్పినందుకు మంచిగైంది బిడ్డా. నేనున్న" అని గట్టిగా అనిపిస్తాను. చాలామందికి నోరు తిరగదు, మళ్లీ అనిపిస్తాను. పోలీసుల 100, అత్యవసర సాయం 112, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్లు, ఆడవాళ్ల వేధింపులు చూసే పోలీసు షీ టీమ్ నంబర్ వాళ్ల ఫోన్లలోనే ముందు సేవ్ చేయిస్తాను. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా ఫిర్యాదు ఇవ్వొచ్చని, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారని చెప్తాను. ఆ రోజు తల్లో తండ్రో రాకపోతే ఆ పిల్లను చేర్చుకునేది మరుసటి బ్యాచ్‌లోనే. ఫీజు ఎంత ఎక్కువిస్తామన్నా ఈ నియమం మార్చను. వచ్చేటప్పుడు పిల్ల రోజూ కాలేజీకి వేసుకుపోయే బట్టలు, చెప్పులు, పుస్తకాలతో నిండిన బ్యాగు తెచ్చుకోవాలి.